తోడని నీళ్లకు సర్కారు సొమ్ము

సౌదీలోని ఖతీఫ్‌లో నేను పనిచేసే దుకాణంలో పైపులు, మోటార్లు, వాల్వులు, ఫిల్టర్లు అమ్ముతాం. అడిగినవాళ్ల తోటలకు వెళ్లి బిగించి కూడా వస్తాం. నేను వచ్చిన మొదట్లో దుకాణం గుమ్మంలో పిల్లి పడుకుంటే సాయంత్రం దాకా దాన్ని లేపే గిరాకీ ఉండేది కాదు. తోటలున్న ముసలివాళ్లు ఎప్పుడైనా వచ్చి, పాత మోటారుకు ఒక రబ్బరు వాషరు అడిగి, ధర విని, దుకాణం చూసుకునే మా ముదీర్‌ను తిట్టి వెళ్లిపోయేవాళ్లు. సర్కారు సాయం ఇస్తుందన్న కబురు వచ్చాక ఆ పిల్లి వేరే చోటు చూసుకోవాల్సి వచ్చింది.

సాయం సంగతి ఇదీ. ఇక్కడి ఖర్జూరపు తోటలకు నేల కింది నీళ్లే దిక్కు. అవి ఏటికేడు కిందికి దిగిపోతున్నాయి. కాలువల్లో నీళ్లు వదిలి తోటంతా ముంచే పాత పద్ధతి మానుకుని డ్రిప్పు వేసుకునే యజమానులకు ఆ ఖర్చులో కొంత సర్కారే పెట్టుకుంటుంది. ఆ తర్వాత చెట్లు నరికి ఇళ్ల స్థలాలుగా అమ్ముకోకుండా, బావికి మీటరు పెట్టుకుని, నీళ్లు తక్కువ తోడినంతకాలం ఏటా కొంత సొమ్ము ఖాతాలో వేస్తుంది.

నాకు ఇందులో వింతేమీ కనబడలేదు. మాది అనంతపురం వైపు. మా నాయన చీనీ చెట్లకు, అంటే బత్తాయిలకు, డ్రిప్పు వేసినప్పుడు అక్కడా సర్కారు సబ్సిడీ ఇచ్చింది. నాతో పనిచేసే అన్నకు మాత్రం ఈ సంగతి ఎంతకీ మింగుడు పడలేదు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే పెద్దవాడు, దుబాయిలో కొన్నేళ్లు, ఇక్కడ కొన్నేళ్లు పార పట్టినవాడు.

"నీళ్లు తోడకుంటే పైసలిస్తరా?" అన్నాడు పైపుల చుట్ట మీద కూర్చుని. "అరె తమ్మీ, మా ఊర్ల నేను ఎన్ని పనులు చెయ్యకుంట ఉన్న! ఒక్కడన్న ఒక్క రూపాయి ఇయ్యలే."

అలాంటి రోజుల్లోనే ఒక ఉదయం ఒక పెద్దావిడ దుకాణానికి వచ్చింది. నల్లని అబాయా, చేతిలో కర్ర, బయట కారులో డ్రైవరు. బడిలో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరయిందని తర్వాత తెలిసింది కానీ, కౌంటరు మీద కర్రతో రెండుసార్లు తట్టిన తీరు చూసి అప్పుడే అనుకున్నాను.

"మా తోటకు డ్రిప్పు వెయ్యాలి," అంది. "బావి ఒకటే, తోట రెండు ముక్కలు. ఒకటి నాది, రెండోది పక్కవాళ్లది."

బావి ఒకటే అయితే సాయానికి ఇద్దరూ కలిసి అడగాలి. అది నియమం. ఆ మాటే చెప్పాను. "పక్కవాళ్లను కూడా ఒకసారి అడగాలి కదా మామా."

ఇక్కడ మాలాంటి పనివాళ్లం పెద్ద వయసు మగవాళ్లను బాబా అని, ఆడవాళ్లను మామా అని పిలుస్తాం. మామా అంటే అమ్మ అన్నట్టు. మా అన్నకు ఆ పిలుపు ఇప్పటికీ నోటికి రాదు. ఆడమనిషిని పట్టుకుని మామా అనడానికి ఆయన సిగ్గుపడతాడు.

"నువ్వే వెళ్లి అడుగు," అంది ఆవిడ. "తోటలోనే ఉంటాడు. కాలువలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు. గుర్తుపట్టడం కష్టం కాదు."

"ఎవరు మామా ఆయన?"

"మా తమ్ముడు," అని చెప్పి, ఇంకో ప్రశ్నకు చోటివ్వకుండా కర్ర తట్టుకుంటూ వెళ్లిపోయింది.

తోట ఊరి అంచున ఉంది. చుట్టూ కొత్త ఇళ్లు, మధ్యలో ఈ పచ్చటి ముక్క. ఖర్జూరపు చెట్లు, వాటి నీడలో నిమ్మ, దానిమ్మ, ఒక పక్క జత్ అనే పచ్చగడ్డి. బావి నుంచి ఒక సిమెంటు కాలువ వంకరటింకరగా తోటంతా తిరుగుతుంది. దాని గట్టున ఆవిడ చెప్పినట్టే ఒక ముసలాయన, థోబ్ అనే పొడవాటి చొక్కాను మోకాళ్ల దాకా ఎత్తి కట్టుకుని, నీళ్లలో కాళ్లు పెట్టుకుని, పక్కన టీ ఫ్లాస్కుతో కూర్చుని ఉన్నాడు. యవ్వనంలో చమురు పనుల్లో వెల్డింగు చేశాడట. ఇప్పుడు ఆయనకు ఈ తోటే లోకం.

నన్నూ అన్ననూ కూర్చోబెట్టి టీ పోశాడు. పైపుల మాట ఎత్తగానే ఫ్లాస్కు మూత బిగించేశాడు.

"ఒక్క మాట చెప్పు. నీకు దాహమైతే గ్లాసెత్తి తాగుతావా, కుళాయి కింద నోరు తెరుచుకుని చుక్క కోసం కూర్చుంటావా?"

"మా నాయన తోటలో చెట్లు అలాగే తాగుతున్నాయి బాబా. ఇంతవరకూ ఒక్కటీ అలిగింది లేదు."

"మీ నాన్న చెట్లకు ఓపిక ఎక్కువేమో. ఇవి ఖతీఫ్ చెట్లు."

సరే, అడిగిందే అడిగి లాభం లేదని, "మీ అక్కగారితో ఒకసారి మాట్లాడి చూడకూడదా?" అన్నాను.

ఆయన మొహం గంభీరంగా పెట్టి, తోట మధ్య హద్దు వైపు చెయ్యి చూపించి, ఒక్క మాట అన్నాడు. "ఖలాస్."

మా అన్న ఉలిక్కిపడి నా వైపు వంగాడు. "అయ్యో, అక్క ఖలాసా? మొన్ననే గద తమ్మీ కట్టె పట్టుకొని దుకానంల నిలవడ్డది!"

నవ్వు ఆపుకోవడానికి నేను టీ గొంతులో పోసుకుని పొలమారించుకున్నాను. ముసలాయన చెప్పింది ఖలాస్ జాతి ఖర్జూరపు చెట్టు గురించి. వాళ్ల నాన్న తన చేతులతో నాటిన చెట్టట. పంపకాల్లో అది సరిగ్గా హద్దు మీద పడింది. ఈయన ఒకసారి దాన్ని కొట్టించేశాడు. ఆవిడ తోటకు వచ్చి చూసి, ఒక్క మాటా అనకుండా తిరిగి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. పండగలకు ఒకరింటికి ఒకరు పళ్లేలు పంపుకుంటారు, బంధువుల పెళ్లిళ్లకు ఇద్దరూ వెళతారు, మాట మాత్రం లేదు.

"ఎందుకు కొట్టించారు బాబా?"

"అడగాల్సినవాళ్లు అడగలేదు. నీకెందుకు?" అని మళ్లీ నీళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు.

కానీ ఆవిడ ఊరుకునే మనిషి కాదు. వ్యవసాయ శాఖ నుంచి ఇంజనీరు తోట చూడటానికి వచ్చేలా తనే ఏర్పాటు చేసింది. వచ్చింది ఒక యువతి. బురదలో నడవడానికి బూట్లు వేసుకుని, చేతిలో టాబ్లెట్‌తో బావి, మోటారు, చెట్ల పాదులు అన్నీ ఓపిగ్గా చూసుకుంటూ తిరిగింది. ఇంజనీరమ్మ వస్తోందంటే మర్యాద కోసం ముసలాయనా ఉండాల్సి వచ్చింది. ఆయన కాలువకు అవతలి గట్టున ప్లాస్టిక్ కుర్చీలో. ఆవిడ ఇవతలి గట్టున ఇంకో ప్లాస్టిక్ కుర్చీలో. కాలువ మీద అడ్డంగా వేసిన చెక్క మీద నేను.

"బావి మీ ఇద్దరిది కాబట్టి ఇద్దరూ ఒప్పుకోవాలి," అంది ఇంజనీరమ్మ.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఆయనకు చెప్పు. నీళ్లు ఇలాగే పారబోస్తే మన మనవళ్లకు ఈ తోట ఉండదు."

మనిషి చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్నాడు. ప్రతి మాటా వినబడుతోంది. అయినా నేను అటు తిరిగి చెప్పాను. ఆయన నాతో, "ఆవిడకు చెప్పు. ఈ చెట్లు మా నాన్న కాలం నుంచి ఇలాగే తాగి ఇంత ఎత్తు పెరిగాయి," అన్నాడు. నేను ఇటు తిరిగి చెప్పాను. అలా అరబ్బీలో విన్నదాన్ని మళ్లీ అరబ్బీలోనే, నా పనికిమాలిన అరబ్బీలో, అటూ ఇటూ మోస్తూ చెక్క మీద గిరగిరా తిరుగుతున్నాను.

నా అరబ్బీ సంగతి ఏమిటంటే, అందులో 'నువ్వు' అనే మాట మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి ఉంటుంది. మగవాణ్ని ఇంతా అనాలి, ఆడమనిషిని ఇంతీ అనాలి. మేం పనివాళ్లం ఏది ముందు నోట్లోకొస్తే అది వాడేస్తాం. ఆ కంగారులో నేను ముసలాయన వైపు తిరిగి, చాలా మర్యాదగా, "బాబా, ఇంతీ..." అని మొదలుపెట్టాను.

"ఇంతీ కాదు, ఇంతా!" అన్నారు.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఒకే స్వరంలో, ఒకే విసుగుతో. అని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆవిడ భుజాలు కదిలాయి. ఆ తర్వాత ముసలాయన గడ్డం. ఇంజనీరమ్మ టాబ్లెట్ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా మా అన్న అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇక పని అయిపోయిందనే అనుకున్నాను. ఆయన కూడా మెత్తబడ్డాడు. "నిమ్మచెట్లకు వేసుకోండి, చూద్దాం," అనే దాకా వచ్చాడు. అప్పుడు ఇంజనీరమ్మ నియమాలు చదువుతూ, డ్రిప్పు వేశాక పాత కాలువలో నీళ్లు పారకూడదని, దాన్ని పూడ్చెయ్యాలని చెప్పింది. తప్పు ఆమెది కాదు, చెప్పడం ఆమె పని. కానీ ముసలాయన లేచాడు. థోబ్ దులుపుకున్నాడు. మాకందరికీ సలాం చెప్పాడు. కుర్చీని తనే ఎత్తి చంకన పెట్టుకుని చెట్ల మధ్యలోంచి వెళ్లిపోయాడు.

ఆవిడ ఆ వెళ్లడం కాసేపు చూసింది. "చిన్నప్పుడు కూడా ఇంతే," అంది, నాతో కాదు, ఎవరితోనూ కాదు.

కొన్ని రోజుల తర్వాత ఆవిడ ఫోన్ చేసి, కొలతల టేపు పట్టుకుని తోటకు రమ్మంది. నేనూ అన్నా వ్యాన్‌లో వెళ్లాం. చలికాలపు ఉదయం. నేల లోపలి నీళ్లు ఆ కాలంలో వెచ్చగా ఉంటాయి, కాలువ మీద సన్నగా ఆవిరి లేస్తోంది. మేం వెళ్లేసరికి ముసలాయన కూర్చునే చోట ఆవిడ కూర్చుని ఉంది. చెప్పులు పక్కన విడిచి, అబాయా కాస్త పైకి పట్టుకుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని. ముసలాయన వెనక నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో గ్లాసు. ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తెలియడం లేదు. లెమ్మని చెప్పాలంటే మాట్లాడాలి కదా.

చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చివరికి ఇక పట్టలేకపోయాడు.

"అది నా చోటు."

"నాన్న చోటు," అంది ఆవిడ వెనక్కి తిరగకుండా.

మా అన్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "మాట్లాడిన్రు తమ్మీ!"

"మెల్లగా అన్నా!"

ముసలాయన కాస్త ఎడంగా గట్టు మీద కూర్చుని, తనూ కాళ్లు నీళ్లలో పెట్టాడు. గ్లాసులో టీ పోసి ఇద్దరి మధ్యా పెట్టాడు. ఆవిడ తీసుకుంది. తాగుతూ అంది, "ఈ నీళ్లు ఇంత వెచ్చగా ఉంటాయని మర్చిపోయాను. కాలువ పూడ్చడానికి వీల్లేదు."

ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారని నేను అల్లాకు శుక్రియా చెప్పుకున్నాను. కానీ ముసలాయన ఏమన్నాడో వినండి.

"పూడ్చాలి. సర్కారు నియమం అది."

"నీకు ఇష్టం లేదన్నావు కదా!"

"అన్నాను. తర్వాత ఆలోచించాను. నువ్వు చెప్పిందే నిజం. పాత నీళ్లు లేవు. నిరుటికి ఈ ఏటికి మోటారు ఇంకా లోపలికి దించాను. పూడ్చేస్తాను."

"నేను డ్రిప్పు వెయ్యమన్నాను. పూడ్చమనలేదు."

"రెండూ ఒకటే."

"ఒకటెలా అవుతాయి? నీకు చిన్నప్పటి నుంచీ లెక్కలు రావు!"

"లెక్కలకు దీనికి ఏం సంబంధం?"

ఇన్నేళ్లు దాచుకున్న మాటలు ఒక్కసారిగా కట్ట తెగినట్టు వచ్చాయి. మొన్న కావాలన్న ఆవిడ వద్దంటోంది, మొన్న వద్దన్న ఆయన కావాలంటున్నాడు. నన్ను ఎవరూ మధ్యలో నిలబెట్టలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. మా అన్న పార పట్టుకుని ఎటూ తేలక నిలబడ్డాడు.

"ఏంది తమ్మీ ఇది? తవ్వాల్నా, పూడ్వాల్నా, ఇంటికి పోవాల్నా?"

"కూచో అన్నా. ఇది ఇప్పట్లో తెగేది కాదు."

ఆవిడే తెంచింది. నా దగ్గరున్న తోట పటం అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లవాడి పరీక్ష కాగితం చూసినట్టు చూసింది. బావి పక్కన నేను గీసిన ఒక చతురస్రం మీద వేలు పెట్టింది. "ఇదేమిటి?"

"తొట్టి మామా. బావి నీళ్లు ముందు దీంట్లో పడతాయి. దీంట్లోంచి ఫిల్టరుకు, అక్కడి నుంచి పైపుల్లోకి."

"ఎలాగూ తొట్టి కావాలి కదా. ఇది అక్కడే ఎందుకు? మేం కూర్చున్న చోట కాలువనే కాస్త వెడల్పు చేసి తొట్టిగా మారిస్తే సరిపోదా? మిగతా కాలువ పూడ్చుకోండి."

నేను ముసలాయన వైపు చూశాను. ముసలాయన అక్క వైపు చూశాడు. ఏదో ఒక అభ్యంతరం కోసం వెతుక్కుంటున్నాడని తెలుస్తూనే ఉంది. దొరకలేదు.

ఇంజనీరమ్మకు ఫోన్ చేస్తే మరోసారి వచ్చింది. గట్టు మీద గొంతుక్కూర్చుని చాలాసేపు కొలతలు చూసింది. తొట్టికి అడుగున కొత్తగా సిమెంటు చెయ్యాలి, నీళ్లు కారకూడదు, మీటరు బావికీ తొట్టికీ మధ్య ఉండాలి, ఫిల్టరు వైపు జాలీ బిగించాలి. అన్నీ టాబ్లెట్‌లో ఎక్కించుకుంది. ముసలాయన తల వంచుకుని అన్నీ విని, గొంతు సవరించుకుని ఒక్కటే అడిగాడు.

"మరి కాళ్లు?"

ఇంజనీరమ్మ టాబ్లెట్ మీద పైకీ కిందికీ వేలితో జరిపింది. "నియమాల్లో కాళ్ల గురించి ఏమీ లేదు," అంది. నవ్వకుండా చెప్పింది కానీ, వెళ్లేటప్పుడు కారు దగ్గర ఒంటరిగా నవ్వుకోవడం చూశాను.

మంజూరు వచ్చాక పని మొదలుపెట్టాం. ఖర్జూరపు తోటలో పైపులు పరవడం మా చీనీ తోటలో పరిచినంత తేలిక కాదు. వేళ్లు తాళ్లలాగా అల్లుకుపోయి ఉంటాయి, పార దిగదు. మా అన్న ప్రతి పాదు దగ్గరా ఆ చెట్టుకు తెలంగాణ తిట్టు ఒకటి పెట్టి, తర్వాత సారీ చెప్పి తవ్వేవాడు. మధ్యాహ్నానికి ఆవిడ ఇంటి నుంచి పెద్ద పళ్లెంలో మన బిర్యానీ లాంటి చేపల మచ్‌బూస్ వచ్చేది. సరిగ్గా అదే సమయానికి ముసలాయన ఇంటి నుంచి కోడి మచ్‌బూస్ వచ్చేది. ఎవరిది మిగిలినా వాళ్లకు కోపం. ఆ పనిలో మేమిద్దరం బాగా ఒళ్లు చేశాం.

హద్దు వెంబడి పెద్ద పైపుకు కాలువ తీస్తుంటే ఒకచోట పార మెత్తగా దిగిపోయింది. పాత మొద్దు. పై భాగమంతా మట్టిలో కలిసిపోయి, అడుగు మాత్రం మిగిలింది. అది ఏ చెట్టుదో నాకు చెప్పాల్సిన పని లేదు. దాన్ని పెకలించి పక్కన పడేసేసరికి రెండుగా చీలింది. లోపలంతా డొల్ల. వేలు పట్టేంత సొరంగాలు, పొట్టు, ఎండిపోయిన పీచు గూళ్లు. ఖర్జూరపు చెట్లను లోపలి నుంచి తినేసే ఎర్ర ముక్కు పురుగు చేసిన పని అది. ఈ ప్రాంతంలో తోటలున్న ఎవరికైనా చూడగానే తెలుస్తుంది.

ఆవిడ కుర్చీలోంచి లేచి వచ్చింది. కర్ర మొనతో ఆ పొట్టును కదిపి చూసింది.  ముసలాయన దూరంగా నిమ్మచెట్టుకు ఏదో పని కల్పించుకున్నాడు.

"పురుగు పట్టిందా?" అంది గొంతెత్తి.

"ఊ."

"ఆ మాట చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడగలేదు."

"నువ్వు కొట్టేశాక అడగడానికి ఏముంది? ముందే చెప్పాలి."

"ముందే చెబితే నువ్వు కొట్టనిచ్చేదానివి కాదు. తోటంతా పోయేది." కత్తెర కింద పెట్టి ఇటు తిరిగాడు. "నాకూ కష్టంగానే ఉండింది. పొద్దున కొట్టేవాళ్లు వస్తే వాళ్లకు పని చూపించి నేను సముద్రం ఒడ్డుకు వెళ్లిపోయాను."

ఆవిడ నా చేతిలో ఉన్న నీళ్ల సీసా అడిగి తీసుకుని, తను తాగకుండా వెళ్లి తమ్ముడి చేతికిచ్చింది. మా అన్న వాళ్లకు వీపు తిప్పి తవ్వడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క గంటలో ఆయన తవ్వినంత కాలువ మామూలుగా రోజంతా తవ్వడు. 

పైపులు వేశాక మొదటిసారి మోటారు వేసిన రోజు అందరూ వచ్చారు. వాల్వు తిప్పాను. పైపుల్లో గాలి బుస్సుమంది. ఆ తర్వాత ప్రతి చెట్టు చుట్టూ చుక్కలు మొదలయ్యాయి. ముసలాయన ఒక చెట్టు దగ్గర వంగి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. "పాపం, చాలా మెల్లగా తాగుతోంది," అన్నాడు. కానీ మర్నాడు చెట్టు మొదట్లో వేలు గుచ్చి చూసి తడి ఎంత లోతుకు దిగిందో మాకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ తర్వాత వారం రోజులు, అవసరం ఉన్నా లేకున్నా, వేరే చెట్ల తడి సంగతి కూడా చెప్పాడు.

ఏడాది తిరిగి ఇంజనీరమ్మ వచ్చి మీటరు చూసుకుని, చెట్లు చూసుకుని వెళ్లింది. కొన్నాళ్లకు అక్కా తమ్ముళ్లిద్దరి ఫోన్లకూ డబ్బు పడిందని కబురు వచ్చింది. ఆ రోజు నన్నూ అన్ననూ తోటకు పిలిచారు. తొట్టి గట్టున చాప వేసి, గహ్వా అనే అరబ్బీ కాఫీ, కొత్త ఖర్జూరాలు పెట్టారు. అన్న ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, "ఖలాస్?" అని అడిగాడు. "ఖలాస్," అన్నాడు ముసలాయన. అన్న రెండోది తీసుకున్నాడు. అరబ్బీలో మా అన్న తప్పు లేకుండా సాగించిన సంభాషణ అదొక్కటే.

మాటల్లో ముసలాయన నన్నడిగాడు. "మీ నాన్నకు కూడా మీ సర్కారు ఇచ్చిందన్నావు కదా. ఆయన పైపులు ఎలా ఉంటాయి? మనవాటిలాగే ఉంటాయా?"

నాకొక ఆలోచన వచ్చి నాయనకు వీడియో కాల్ చేశాను. ఆయన ఆ వేళకు తోటలోనే ఉంటాడు. తెర మీద ముందు ఆకాశం, తర్వాత చీనీ కొమ్మ, తర్వాత నాయన తలపాగా వచ్చాయి. విషయం చెప్పి, ఫోను ముసలాయన చేతికిచ్చాను. ఆయన సలాం చెప్పాడు. నాయన కూడా చెప్పాడు. మా ఇంట్లో నమాజు అరబ్బీ, మిగతా అంతా తెలుగు. కాబట్టి సలాం తర్వాత ఇద్దరికీ భాష అయిపోయింది.

కాసేపు ఒకర్నొకరు చూసుకుని తలలాడించారు. అంతలో నాయన వంగి, నేల మీది నల్ల పైపు ఎత్తి, డ్రిప్పరును కెమెరా ముందు పెట్టాడు. ముసలాయన మొహం వెలిగిపోయింది. గబగబా లేచి వెళ్లి, తన పైపు ఎత్తి, తన డ్రిప్పరు చూపించాడు. రెండు వేల మైళ్లకు అటూ ఇటూ ఇద్దరు ముసలివాళ్లు చుక్కలు రాలుతున్న పైపులు ఫోన్లకు అంటిస్తున్నారు. ఫోను తడిసిపోతోందని నేను మొత్తుకున్నా వినేవాళ్లు లేరు.

"ఏమప్పా," అన్నాడు నాయన ఉన్నట్టుండి, "ఆయన డ్రిప్పరు బొక్క ఏంది అంత పెద్దగుంది? పిన్నీసు పెట్టి గెలికినాడేమో అడుగు."

అడిగాను. ముసలాయన పైపు వదిలేసి, చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. అక్క ఆ చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. అరచేతిలో పిన్నీసు ఉంది.

"మూసుకుపోయింది," అన్నాడు. "ఉప్పు పేరుకుని చుక్క రావడం లేదు. ఏం చెయ్యమంటావు?"

"గెలకొద్దని చెప్పప్పా," అన్నాడు నాయన. "బొక్క పెద్దదైతే నీళ్లన్నీ ఆ ఒక్క చెట్టే తాగతాది. ఊడదీసి యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి కడుక్కోమను. నేను గూడా మొదట్లో ఆ పనే చేసినా. మీయమ్మ కమ్మల పుల్లతో గెలికినా. దానికంటే ఎక్కువగా మీయమ్మతో తిట్లు తిన్నా."

నేను తర్జుమా చేశాను, కమ్మల సంగతితో సహా. ఆవిడ చప్పట్లు కొట్టి నవ్వింది. "నేను చెప్పానా లేదా? ఆ ఇంజనీరమ్మ కూడా చెప్పింది. వింటేగా!"

"నువ్వు చెప్పలేదు. నిమ్మచెట్ల గురించి చెప్పావు."

"నిమ్మకూ ఖర్జూరానికీ డ్రిప్పరు ఒకటే!"

"ఒకటి కాదు. అడుగు ఈ అబ్బాయిని."

ఇద్దరూ నా వైపు తిరిగారు. తెర మీంచి నాయన కూడా, ఏం గొడవో తెలియకుండానే, ఆసక్తిగా చూస్తున్నాడు. ఎవరి పక్షం చెప్పినా ఇంకొకరి మచ్‌బూస్ పోతుంది. నేను సంచి భుజాన వేసుకుని, పక్క తోటలో ఫిల్టరు బిగించాల్సి ఉంది, ముదీర్ ఎదురు చూస్తున్నాడన్నాను. అది అబద్ధమేమీ కాదు. అన్న ఇంకో గుప్పెడు ఖర్జూరాలు జేబులో పోసుకుని నా వెనకే లేచాడు. మేం వ్యాన్ ఎక్కి గేటు దాటేదాకా నిమ్మకూ ఖర్జూరానికీ తేడా గురించి వాళ్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి. నా ఫోను ఇంకా వాళ్ల దగ్గరే ఉందని రోడ్డెక్కాక గుర్తొచ్చి, నవ్వుకుంటూ వెనక్కి తిప్పాం.